గేటు లోపలి ఉద్యోగం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో మూడు రక్షణ ఉత్పత్తి రంగానికి సంబంధించినవి. క్షిపణుల నాణ్యతా విభాగంలో 31 ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని కనుక, మిగిలిన ఉత్తరాలను వచ్చే సంచికకు ఉంచి వీటికే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: నేను మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో రెండేళ్లుగా పనిచేస్తున్నాను. హైదరాబాద్‌లో క్షిపణులు తయారుచేసే ప్రభుత్వ రంగ సంస్థలో మేనేజ్‌మెంట్ ట్రైనీగా ఎంపికయ్యాను. ఇంట్లో అందరూ సంతోషించారు. స్నేహితులు మాత్రం అక్కడ పని నత్తనడక నడుస్తుందని, నేర్చుకున్నదంతా తుప్పు పడుతుందని భయపెడుతున్నారు. లోపల నిజంగా ఎలా ఉంటుంది?
– ఒక పాఠకురాలు, సంగారెడ్డి

జవాబు: అమ్మా, మొదట ఒక పొరపాటు అభిప్రాయాన్ని తొలగించాలి. కంచన్‌బాగ్ ప్రాంతంలో డీఆర్‌డీఎల్, మిధాని, భారత్ డైనమిక్స్ దగ్గరదగ్గరగా ఉండటం వల్ల బయటివారికి అవన్నీ ఒకే సంస్థలాగా కనిపిస్తాయి. కేంద్ర రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకు చెందిన డీఆర్‌డీఎల్ వంటి ప్రయోగశాలలు క్షిపణికి రూపకల్పన చేస్తాయి. 1973లో ఏర్పడిన మిధాని ప్రత్యేక లోహాలను తయారుచేస్తుంది. 1970లో ఏర్పడిన భారత్ డైనమిక్స్ వంటి సంస్థ ఆ రూపకల్పనను తీసుకుని సైన్యానికి కావలసిన సంఖ్యలో ఉత్పత్తి చేస్తుంది. కాబట్టి మీరు చేయబోయేది కొత్త క్షిపణిని కనిపెట్టడం కాదు. నూరో క్షిపణి కూడా మొదటిదానిలాగే పనిచేసేటట్లు చూడటం. ఇందులో ఉన్న కష్టం చేసినవారికే తెలుస్తుంది, ఆనందం కూడా అంతే.

ఉదయం గేటు దగ్గర ఫోను అప్పగించి లోపలికి వెళ్తే సాయంత్రం దాకా బయటి ప్రపంచంతో సంబంధం ఉండదు. మొదటి నెల ఇది ఊపిరాడనట్లు ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లో చిన్నపిల్లలో ఉంటే, అత్యవసరానికి విభాగంలోని ల్యాండ్‌లైను నంబరు ఇచ్చి ఉంచండి. 1923 నాటి అధికార రహస్యాల చట్టం కింద మీకున్న బాధ్యతను చేరిన రోజుల్లోనే వివరిస్తారు. దానిని తేలికగా తీసుకోకండి. పెళ్లిలో పక్కన కూర్చున్న బంధువు ముచ్చటపడి అడిగినా, మీరు ఏ భాగం మీద పనిచేస్తున్నారో, నెలకు ఎన్ని తయారవుతున్నాయో చెప్పకూడదు. పత్రికల్లో వచ్చిన విషయం గురించి అడిగినా అవుననో కాదనో అనకుండా ఊరుకోవడం అలవాటు చేసుకోవాలి.

ఇక అసలు పని గురించి. క్షిపణిలోని ప్రతి భాగం వెంట ఒక రూట్ కార్డు నడుస్తుంది. ఎవరు బిగించారు, ఏ పనిముట్టుతో బిగించారు, ఎంత బిగింపు వచ్చింది, ఎవరు పరీక్షించారు అన్నవన్నీ అందులో సంతకాలతో ఉంటాయి. చేరిన రెండో ఏట, ఒక అసెంబ్లీలోని బోల్టుల కొలతలను అప్పటికప్పుడు రాయకుండా సాయంత్రం గుర్తు తెచ్చుకుని నింపాను. నేను వేసిన సమయానికి బిగింపును కొలిచే ఆ టార్క్ రెంచి, పనిముట్ల కొలతలను సరిచూసే క్యాలిబ్రేషన్ విభాగంలో ఉన్నట్లు తనిఖీ అధికారి రిజిస్టరులో చూసి పట్టుకున్నారు. కొలతలు సరైనవేనని నాకు ఇప్పటికీ నమ్మకం ఉంది. అయినా ఆ కార్డుకు ఇక విలువ లేదు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. పదహారు అసెంబ్లీలను విప్పించి మళ్లీ బిగించారు, ఆ పని ముగిసేవరకు నేను పక్కనే నిలబడ్డాను. ఆనాటి నుంచి చూడని కొలత కింద సంతకం పెట్టలేదు. సరిహద్దులో ఉన్న జవాను ఆ క్షిపణిని విప్పి పరీక్షించుకోలేడు. మన సంతకాన్ని నమ్మి మీట నొక్కుతాడు.

పేలుడు పదార్థాలుండే భవనాలలోకి మిమ్మల్ని పంపితే మరో లోకం చూస్తారు. ఏకకాలంలో ఎంతమంది ఉండవచ్చో, ఎంత పదార్థం ఉండవచ్చో తలుపు దగ్గర బోర్డు మీద రాసి ఉంటుంది. నూలు బట్టలు, స్థిర విద్యుత్తును నిలువనివ్వని బూట్లు వేసుకుని, ఒంట్లోని విద్యుత్తు భూమిలోకి పోయేందుకు లోహపు పలకను తాకి మరీ లోపలికి అడుగుపెట్టాలి. నిప్పురవ్వ రాని పనిముట్లే వాడాలి. పాతికేళ్ల అనుభవం ఉన్న కార్మికుడు కూడా ఆ పలకను తాకకుండా వెళ్లడం నేను చూడలేదు. ఆ కార్మికుల దగ్గర నేర్చుకోవడానికి మీ పట్టా అడ్డు రాకుండా చూసుకోండి.

నెమ్మది సంగతికి వస్తే, మీ స్నేహితులు అబద్ధం చెప్పలేదు. 1983లో మొదలైన సమీకృత క్షిపణి కార్యక్రమంలోని ఐదు క్షిపణులలో ఆకాశ్ ఒకటి. సైన్యంలోకి, వైమానిక దళంలోకి అది లాంఛనంగా చేరింది 2015లో. అంటే ఆ కార్యక్రమంతోపాటే ఉద్యోగంలో చేరిన యువకుడికి అప్పటికి పదవీ విరమణ దగ్గరపడి ఉంటుంది. రూపకల్పనలోని కాలహరణం ఒక ఎత్తు అయితే, కొనుగోళ్లలో జరిగేది మరొక ఎత్తు. ఒక చిన్న పనిముట్టుకు కూడా టెండరు, ఎల్-వన్ ధర (అందరికంటే తక్కువగా వచ్చిన ధర), ఆర్థిక విభాగం అంగీకారం కావాలి, విజిలెన్స్ అడిగితే చూపించడానికి ఫైలు సిద్ధంగా ఉండాలి. డిసెంబరు దాకా విడిభాగాల కోసం ఎదురుచూసి, మార్చి నెలాఖరులోగా లక్ష్యం చేరడానికి ఆదివారాలు కూడా పనిచేయడం నా సర్వీసంతా చూశాను. ఈ అలవాటును నేను సమర్థించను. తొందరలో జరిగే తనిఖీ మంచిది కాదని అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను. ఆ రోజుల్లో మీ పై అధికారి తొందరపెడితే, తొందరపడవలసినది కాగితం కదలికలోనే తప్ప కొలతలో కాదని మర్యాదగా చెప్పండి.

జీతం విషయంలో సాఫ్ట్‌వేర్‌తో పోల్చుకుంటే కొన్నేళ్ల తరువాత తేడా బాధిస్తుంది. 2017 వేతన సవరణ ప్రకారం అధికారుల హోదాల్లో ఒకటైన ఈ1 గ్రేడు మూలవేతనం 40,000 నుంచి 1,40,000 రూపాయల వరకు ఉంటుంది. దానిపై కరువుభత్యం మూడు నెలలకొకసారి మారుతుంది. ప్రభుత్వ రంగం అనగానే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పాత పెన్షను వస్తుందని మీ ఇంట్లో అనుకుంటూ ఉండవచ్చు, అది రాదు. ఇక్కడ ఉండేవి భవిష్యనిధి, గ్రాట్యుటీ, సంస్థ వాటా జమచేసే పెన్షను పథకం.

తుప్పు పట్టడం మాత్రం మీ చేతిలో ఉంది. రెండేళ్లు ఉత్పత్తి విభాగంలోనో, పరీక్షల విభాగంలోనో వేయమని మీరే అడగండి. ప్రకంపన పరీక్షలో, ఉష్ణ పరీక్షలో ఒక భాగం ఎందుకు విఫలమైందో వెతికి పట్టుకోవడం నేర్చుకున్న ఇంజినీరును ఈ దేశంలో ఏ పరిశ్రమైనా తీసుకుంటుంది. ఫైళ్లు మాత్రమే నడిపే సీటులో మొదటి ఐదేళ్లు గడిపితే మీ స్నేహితుల మాటే నిజమవుతుంది. ఉద్యోగంలో చేరమనే నా సలహా.

ప్రశ్న: ఆదిభట్లలో హెలికాప్టర్ల విడిభాగాలు తయారుచేసే ఒక ప్రైవేటు కర్మాగారంలో పనిచేస్తున్నాను. "మనుషుల్ని చంపే సామాను చేస్తున్నావట కదరా" అని మా నానమ్మ అడిగినప్పటి నుంచి మనసు కుదుటగా లేదు. ఏం చెప్పాలి?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: నాయనా, "నేను చేసేది రేకు ముక్కే" అని మాత్రం ఆమెకు చెప్పకండి. ఆదిభట్లలో టాటా, బోయింగ్ సంస్థల ఉమ్మడి కర్మాగారంలో అపాచీ యుద్ధ హెలికాప్టరు బాడీలు తయారవుతున్నాయని ఊరంతటికీ తెలుసు. ఆ హెలికాప్టరు దేనికో కూడా తెలుసు. నేను చేసిన క్షిపణులు దేనికో నాకు ఎప్పుడూ తెలుసు. దేశానికి రక్షణ కావాలని, దానిని ఎప్పుడు ప్రయోగించాలో ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వం నిర్ణయించాలని నమ్మాను కనుక ఆ పని చేశాను. మీకు ఆ నమ్మకం ఉంటే నానమ్మకు అదే మాట చెప్పండి, ఆమె ఒప్పుకోకపోయినా గౌరవించండి. నమ్మకం లేకపోతే, అదే నైపుణ్యంతో పౌర విమానాల పనికి మారవచ్చు. ఆదిభట్లలోనే బోయింగ్ 737 విమానాల తోక భాగాలు కూడా తయారవుతున్నాయి. అగ్ని క్షిపణి కోసం రూపొందించిన తేలికపాటి మిశ్రమ పదార్థంతో, నిమ్స్ వైద్యుల సహకారంతో, పోలియో సోకిన పిల్లలకు సుమారు 300 గ్రాముల కాలిపర్లు (నడవడానికి కాళ్లకు కట్టే ఆసరాలు) చేసింది ఈ హైదరాబాద్‌లోనే. ఆయుధాల పనికి ఇది పరిహారమని నేను అనడం లేదు. చేతిలో ఉన్న విద్యను ఎటు తిప్పాలో ఎంచుకునే వీలు మీకు ఉందని గుర్తుచేస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయికి అమెరికా పౌరసత్వం వచ్చింది. అక్కడ ఆయుధాలు తయారుచేసే ఒక పెద్ద కంపెనీలో చేరింది. ఏం పని అని అడిగితే మాట మారుస్తుంది, పగలు ఫోను ఎత్తదు. ఈమధ్య నావి, నా భార్యవి పుట్టిన తేదీలు, పుట్టిన ఊళ్లు, ఉద్యోగ వివరాలు పంపమంది. మమ్మల్ని ఎవరైనా అనుమానిస్తున్నారా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: అయ్యా, అనుమానం కాదు, అది అక్కడి పద్ధతి. రహస్య సమాచారం చూసే అనుమతిని అమెరికాలో సాధారణంగా పౌరులకే ఇస్తారు. అందుకు ఎస్ఎఫ్-86 అనే సుదీర్ఘమైన దరఖాస్తు నింపాలి. తల్లిదండ్రులు, తోబుట్టువులు, అత్తమామలు ఎక్కడ పుట్టారో, ఏ దేశ పౌరులో, ఏం చేస్తారో అందులో రాయాలి. విదేశాల్లోని ఆస్తులు, బ్యాంకు ఖాతాలు, ప్రయాణాలు కూడా చూపాలి. ఆమె తెనాలి రావాలంటే ముందుగా అక్కడ తెలియజేయవలసి రావచ్చు, కాబట్టి పెళ్లికో పండుగకో హఠాత్తుగా రమ్మని పట్టుబట్టకండి. ఫోను ఎత్తకపోవడానికి కారణం, అటువంటి పని జరిగే గదుల్లోకి ఫోను తీసుకుపోనివ్వకపోవడమే కావచ్చు.

మీరు చేయగల సాయం ఒకటుంది. మన తరంలో చాలామందికి అసలు పుట్టినరోజు ఒకటి, బడిలో మాస్టారు వేసింది మరొకటి. ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, మరో కాగితంలో చివర ఉంటుంది. పాస్‌పోర్టులో ఏ తేదీ, ఏ పేరు ఉన్నాయో వాటినే పంపండి, తేడా ఉంటే ఆ తేడాను కూడా ఆమెకు చెప్పండి. అక్కడి విచారణలో విదేశీ బంధుత్వం దానంతటదే దోషం కాదు. దాచినట్లు కనిపిస్తే మాత్రం చిక్కు వస్తుంది. ఆమె పేరున ఊళ్లో ఇంటి స్థలం రాసి ఉన్నా, బ్యాంకులో ఉమ్మడి ఖాతా ఉన్నా, ఆమె మరిచిపోయి ఉండవచ్చు. ఆ కాగితాలను బీరువాలోంచి తీసి, నకళ్లు ఈ వారమే పంపండి.