గోవా పోటీకి డబ్బు కట్టేసిన చిన్నాకి, పెద్దమ్మ

చిన్నా,

మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు గోవా ఐరన్‌మ్యాన్ 70.3కి డబ్బు కట్టేశావట, నా మాటైతే వింటావు కాబట్టి ఆపమంటోంది. నేనెందుకు ఆపుతాను? ఈ వయసులో సముద్రంలోకి దిగుతున్న నన్నే తను ఆపలేకపోయింది. కాకపోతే నువ్వు పంపిన ప్లాన్ చూశాక నాలుగు ముక్కలు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ఒకే రోజు ఒకదాని వెంట ఒకటి 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు. మామూలుగా ఎనిమిదిన్నర గంటల్లో అంతా అయిపోవాలి. నీ ప్లాన్‌లో వారానికి ఆరు రోజులూ 'హార్డ్' అనే రాసుంది. ఉద్యోగాలు చేసుకుంటూ దీనికి తయారయ్యేవాళ్లు దెబ్బతినేది ఎక్కువగా ఈ తొందర వల్లే. పక్కవాడితో ఆయాసపడకుండా కబుర్లు చెప్పగలిగినంత నెమ్మదిగా ఉండాలి నీ సాధనలో ఎక్కువ భాగం. పార్కులో తాతగార్లు నిన్ను దాటిపోతారు, పోనీ. గుండె బలపడడం, కండరాల్లో సన్న రక్తనాళాలు పెరగడం, ఒళ్లు కొవ్వును ఇంధనంగా వాడుకోవడం నేర్చుకోవడం అంతా ఆ నెమ్మదిలోనే జరుగుతుంది. వారానికి ఒకటో రెండో గట్టివి చాలు. మూడు వారాలు పెంచుకుంటూ పోయి, నాలుగో వారం బాగా తగ్గించెయ్యి. మొత్తం ఎనిమిది పది గంటలు దొరికితే సరిపోతుంది. ఆఫీసు పనితో రాత్రి రెండింటికి పడుకున్న రోజు తెల్లవారుజామున ఈతకు పరిగెత్తకు, పడుకో.

అన్నిటికంటే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లు. నలభై దాటావు, మీ నాన్నవైపు గుండెజబ్బులున్నాయి. ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్ష అయ్యాకే మిగతావి. దీని మీద నాతో వాదించకు.

ఈత గురించి నీకు ధైర్యం ఎక్కువైంది. పాతిక మీటర్ల కొలనులో 1.9 కిలోమీటర్లంటే 76 సార్లు ఈ గోడ నుంచి ఆ గోడకి. ప్రతి గోడ దగ్గరా కాలితో ఒక తోపు తోస్తావు, అర క్షణం ఊపిరి తిప్పుకుంటావు. సముద్రంలో గోడ లేదు, అడుగున నల్లగీతా లేదు. ఆరేడు బారలకోసారి మొసలిలా కళ్లు మాత్రం నీళ్లపైకి తేల్చి ఎటు పోతున్నావో చూసుకోవడం అలవాటు చేసుకో, లేకపోతే వంకరటింకరగా ఈది రెండు వందల మీటర్లు ఎక్కువ కొడతావు. వెట్‌సూట్ మీద, అదే ఈతకి వేసుకునే ఆ రబ్బరు సూటు మీద, డబ్బు తగలెయ్యకు. నీళ్లు 24.5 డిగ్రీలకి మించితే పోటీలో దాన్ని ఒప్పుకోరు, గోవా సముద్రం అంతకంటే వెచ్చన.

ఇక సైకిల్. ఆదివారం గుంపుతో గంటకి 32 కిలోమీటర్ల వేగంలో తొక్కానని పంపావు. ఆ వేగంలో సగం నీ ముందు తొక్కినవాడిది, గాలి వాడు కోస్తుంటే నువ్వు వెనక హాయిగా కూర్చున్నావు. పోటీలో ముందువాడికి 12 మీటర్ల దూరం పాటించాలి, వెనక అంటుకుంటే ఐదు నిమిషాలు శిక్ష టెంటులో నిలబెడతారు. అందుకని వారంలో పెద్ద రైడ్ ఒంటరిగా చెయ్యి. మీ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన సైకిల్ ట్రాక్ ఉందిగా, 23 కిలోమీటర్లు, కార్ల గొడవ లేదు, మంచిదే. కానీ దాని నెత్తిన సోలార్ పలకల కప్పు ఉంది. ఆ నీడలోనే అన్ని రైడ్లూ చేస్తే గోవా ఎండలో తెల్లమొహం వేస్తావు. చక్రాలు మార్చడానికి లక్షలు పోసే ముందు సైకిల్ నీ ఒంటికి సరిగ్గా అమరేలా ఒకసారి ఫిట్టింగ్ చేయించుకో. వెనక చక్రం ట్యూబు మార్చడం ఎవరి సాయం లేకుండా నేర్చుకో. పోటీ రోజున మొదటి ముప్ఫై కిలోమీటర్లు మరీ తేలిగ్గా ఉందే అనిపిస్తే సరిగ్గా తొక్కుతున్నట్టు.

తిండి దగ్గరే ఎక్కువమంది కూలబడతారు. 1978లో హవాయిలో మొట్టమొదటి ఐరన్‌మ్యాన్ జరిగినప్పుడు జాన్ డన్‌బార్ అనే అతను సైకిల్ దిగేసరికి అందరికంటే ముందున్నాడు. పరుగులో నీళ్లు అయిపోయాయి, వెంట ఉన్నవాళ్లు బీరు ఇచ్చారు. గార్డన్ హాలర్ దాటేసి గెలిచాడు. నువ్వు గంటకి 60 గ్రాముల పిండిపదార్థం లెక్క పెట్టుకో. ఒక అరటిపండుకి పాతిక గ్రాములు వస్తాయి. బెల్లం, ఖర్జూరాలు, జెల్... ఏదైనా సరే, పెద్ద రైడ్లలో తిని చూసుకో, కడుపుకి కూడా సాధన కావాలి. పల్లీ చిక్కీ వద్దు, నూనెగింజ కదా, అరగడం ఆలస్యం. పొద్దున ఇడ్లీ బాగుంటుంది, మూడు గంటల ముందు తిను, కారప్పొడి జోలికి పోకు.

నీళ్ల విషయం ఇంకా జాగ్రత్త. ఒట్టి మంచినీళ్లే లీటర్లకి లీటర్లు తాగితే రక్తంలో ఉప్పు పలచబడి వాంతులు, మతి తప్పడం, ప్రాణం మీదికి రావడం కూడా ఉన్నాయి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఉంది కానీ సోడియం తక్కువ. ఓఆర్‌ఎస్ మంచిది, అదీ అసలైనది. మీ హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్లతరబడి పోరాడాక 2025 అక్టోబరులో ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ తియ్యటి పానీయాల మీద ఓఆర్‌ఎస్ అనే పేరు వాడకూడదంది. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనుక్కో. అందులో లీటరుకి గ్లూకోజు 13.5 గ్రాములే, అది తాగాను కదా అని తిండి మానకూడదు.

పరుగుకి విడిగా చెప్పేది తక్కువ. వారానికోసారి సైకిల్ దిగిన వెంటనే పావుగంట పరిగెత్తు, ఆ కాళ్లు నీవి కావనిపిస్తాయి, అలవాటవుతుంది. మడమ దగ్గర నొప్పొస్తే రెండు రోజులు ఆగు. చిన్న నియమాలు కూడా చదువుకో. హెల్మెట్ బకిల్ పెట్టుకున్నాకే సైకిల్ ముట్టుకోవాలి, చెవుల్లో పాటలు కుదరవు.

కోడలిని అడిగావా? శని, ఆదివారాల ఉదయాలు ఏడు నెలలు నీవి కావాలంటే పిల్లల్ని ఎవరు చూస్తారు? ముందు అది తేల్చుకో. ఒక రోజు నువ్వు సైకిల్ తీస్తే, రెండో రోజు పొద్దున్న తను పడుకునేలా చూడు. మీ ఇద్దరి మధ్య ఆ లెక్క కుదరకపోతే వచ్చే ఏడాది చూసుకుందువు గానీ, పోటీ ఎక్కడికీ పోదు.

చివర్లో రెండు వారాలు విశాఖ వచ్చెయ్యి, ఇక్కడినుంచే ఆఫీసు పని చేసుకో. హైదరాబాద్ పొడి గాలిలో చెమట ఆరిపోయి ఒళ్లు చల్లబడుతుంది, గోవాలో ఆరదు, అదే వేగానికి గుండె ఇంకా గట్టిగా కొట్టుకుంటుంది. ఆ ఉక్కకి ఒళ్లు సర్దుకోవడానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది, మన ఊళ్లో ఉక్కకి లోటేముంది! రుషికొండ దగ్గర లైఫ్‌గార్డులు ఉండే వేళ చూసుకుని మా గుంపుతో పాటు ఈదుదువు గానీ. ఆర్కే బీచ్‌లో మాత్రం దిగనివ్వను, అక్కడి లాగుడు ఎంతమందిని తీసుకుపోయిందో నీకు తెలుసు. సైకిల్ బస్సులో తెచ్చేటప్పుడు వెనక గేర్లు మార్చే డిరేలియర్ కిందికి రాకుండా పడుకోబెట్టమను. నీ గది ఖాళీగానే ఉంది, తేదీ ఖాయమయ్యాక చెప్పు.

పెద్దమ్మ