ఎఫ్‌ఎం కేంద్రం కొనబోతున్న మా తమ్ముడి కొడుక్కి

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వూ నీ స్నేహితులూ కలిసి మన నగరంలోని ఎఫ్‌ఎం కేంద్రాన్ని కొనబోతున్నారని మీ నాన్న చెప్పినప్పటి నుంచి నాకు గర్వంగానూ ఉంది, గుబులుగానూ ఉంది.

లెక్కల పుస్తకాలు, పాటల హక్కుల బాకీలు, సిబ్బంది జీతాల బకాయిలు ఆడిటరు చేత చూపించుకో. సమాచార ప్రసార మంత్రిత్వ శాఖ ముందస్తు అనుమతి రానిదే యాజమాన్యం మారదని తెలుసుకుని బయానా ఇవ్వు. వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది కనుక నువ్వు కొంటున్నది ఫ్రీక్వెన్సీని కాదు, అనుమతిలో మిగిలిన సంవత్సరాలను. ప్రైవేటు ఎఫ్‌ఎం కేంద్రాలకు ప్రభుత్వం దశలవారీగా అనుమతులిచ్చింది కదా, రెండో దశ నుంచి మూడో దశకు మారిన కేంద్రమైతే 15 ఏళ్ల అనుమతి గడువు 2015 ఏప్రిల్ 1న మొదలైంది. 2030 మార్చితో తీరిపోతుంది. ధర మాట్లాడేటప్పుడు ఈ సంగతి మరచిపోతే నిన్ను చిన్నప్పటిలాగే చెవి మెలిపెట్టి అడుగుతాను.

ఇక నా తప్పు విను. ఒక కంపెనీ వేర్వేరు నగరాల్లోని తన కేంద్రాలన్నిటికీ ఒకే కార్యక్రమాన్ని పంచుకోవడానికి, మూడో దశ కోసం ప్రభుత్వం తెచ్చిన 2011 ఎఫ్‌ఎం విధానం వీలు కల్పించింది. నేను చూసుకునే కేంద్రం చేతులు మారినప్పుడు, ఉదయం కార్యక్రమాన్ని వేరే నగరం నుంచి తెప్పిస్తే ఖర్చు తగ్గుతుందని కొత్త యజమానులకు కాగితం మీద లెక్క వేసి చూపించింది నేనే. ఏ వంతెన కింద నీళ్లు నిలిచాయో, ఏ బడికి సెలవో చెప్పే గొంతు ఒక్క సోమవారంతో ఆగిపోయింది. వారం వారం శ్రోతలను లెక్కించే ఏర్పాటు మాకు లేదు. పెద్ద కంపెనీల ప్రకటనలు ఏజెన్సీల ద్వారా ఏడాదికి ముందే ఖరారై ఉండటం వల్ల ఆదాయం రెండు త్రైమాసికాలు నిలకడగానే కనిపించింది. నేను మురిసిపోయాను కూడా. ఈలోగా బట్టల కొట్లవారు, కోచింగ్ సెంటర్లవారు ఒక్కొక్కరే కరపత్రాలకూ స్థానిక కేబుల్ ఛానెల్‌కూ మళ్లారు. నగరంలోని మిగిలిన ఎఫ్‌ఎం కేంద్రాలు ప్రకటనల రేట్లు పెంచాయి. పోటీ తగ్గినప్పుడు పెంచకేం చేస్తాయి? పదిహేనేళ్లుగా మా దగ్గర ప్రకటన ఇచ్చిన ఒక కొట్టు యజమాని, "మా వీధి పేరు కూడా సరిగ్గా పలకలేని గొంతుకు నేనెందుకు డబ్బు కట్టాలండీ?" అని అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. ఏడాది తిరిగాక పెద్ద ఒప్పందాలూ తగ్గిపోయాయి. పొద్దున్నే పలకరించే ఆ అమ్మాయి ఉద్యోగం అప్పటికే పోయింది. ఆమెకు ముందుగా ఒక్క మాటైనా చెప్పనందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

అందుకే కొన్న మొదటి ఏడాది ఉదయపు గొంతును కదపకు. ఎవరో ఒకరు పొదుపు లెక్కతో నీ దగ్గరికి వస్తారు. నాలాంటివాడే, తెలివైనవాడే వస్తాడు. రెండో కేంద్రం కూడా మీ చేతిలో ఉంటే రెంటికీ కలిపి ప్రకటన ఇచ్చి తీరాలని చిన్న వ్యాపారిని బలవంతం చేయకు.

రాత్రిళ్లు మేలుకుని భోజనం మానేస్తున్నావని మీ అమ్మ బాధపడుతోంది, అది వేరే తిట్టు. సంతకానికి ముందు గత మూడేళ్ల స్థానిక ప్రకటనదారుల జాబితా తెప్పించి నాకు పంపు. అందులో ఎవరు, ఏ నెలలో మానేశారో కూర్చుని చూసి పెడతాను.

ఇట్లు,
మీ పెదనాన్న