లెడ్ జెప్పెలిన్ పాత టేపులు పోగు చేసేవారికి

ప్రశ్న: ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ లెడ్ జెప్పెలిన్ అంటే నాకు ప్రాణం. స్టూడియో ఆల్బమ్‌లన్నీ ఉన్నాయి, ఇప్పుడు లైవ్, రేడియో రికార్డింగ్‌లు పోగు చేస్తున్నాను. వేర్వేరు కచేరీలని చెప్పి ఒకతను అమ్మిన రెండు సీడీలు వింటే రెండూ ఒకే రోజువి! మంచిదేదో ఎలా తెలుసుకోవాలి? రేడియోలో వచ్చినవన్నీ దొరుకుతాయా?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ముందు అట్ట మీది పేర్లు పట్టించుకోవడం మానేయండి. బూట్‌లెగ్‌లకు, అంటే అనుమతి లేకుండా బయటికొచ్చిన రికార్డింగ్‌లకు, పేర్లు పెట్టేది అమ్మేవాళ్లే, ఒకే కచేరీ ఎన్ని పేర్లతోనైనా తిరుగుతుంది. తేదీ, ఊరు, హాలు, ఈ మూడింటితో జాబితా రాసుకోండి. ఒకే కచేరీని ఇద్దరు ముగ్గురు విడివిడిగా రికార్డు చేసి ఉంటారు కాబట్టి ఎవరి టేపు అన్నది కూడా పక్కనే రాయాలి.

రేడియోవి అయితే దొంగ సీడీలకు డబ్బు తగలేయొద్దు. 1969, 1971 సంవత్సరాల్లో బీబీసీ కోసం వాయించినవి 1997లో రెండు డిస్కులుగా అధికారికంగా వచ్చాయి, 2016లో ఇంకో డిస్క్ కలిపి 'ద కంప్లీట్ బీబీసీ సెషన్స్' వచ్చింది. ఆ మూడో డిస్క్ కోసమైనా కొనాలి. 1969 మార్చిలో బ్లూస్ సంగీతకారుడు అలెక్సిస్ కార్నర్ రేడియో కార్యక్రమం కోసం వాయించిన టేపు బీబీసీ దగ్గర మిగల్లేదు, ఎవరో అభిమాని రేడియోలో వస్తుంటే రికార్డు చేసుకున్నాడు కాబట్టి, ఏ స్టూడియో ఆల్బమ్‌లోనూ లేని 'సన్‌షైన్ వుమన్' ఈరోజు మనం వినగలుగుతున్నాం. సౌండ్ మిగతావాటంత బాగుండదు, అయినా నాకు ఆ సెట్‌లో అన్నిటికన్నా ఇష్టమైనది అదే. 1971 ఏప్రిల్ 1న లండన్ పారిస్ థియేటర్‌లో వాయించిన కచేరీ కూడా ఆ సెట్‌లోనే ఉంది. 'స్టెయిర్‌వే టు హెవెన్' ఉన్న ఆల్బమ్ నవంబరులో గానీ రాలేదు, అంటే హాల్లో ఉన్నవాళ్లు ఆ పాటను ఆల్బమ్ కన్నా ముందే విన్నారన్నమాట.

ఇక హాల్లో జనం చేసిన రికార్డింగ్‌లు. అసలు నిధి ఇక్కడే ఉంది. మైక్ మిల్లార్డ్ పేరు గుర్తుపెట్టుకోండి. లాస్ ఏంజెలిస్ ఫోరమ్‌కి చక్రాల కుర్చీలో వెళ్లి, టేప్ రికార్డర్‌ను అందులో దాచి, మంచి మైకులతో రికార్డు చేసేవాడు. 1977 జూన్ 21 కచేరీకి అతని టేపు వినండి, డ్రమ్మర్ జాన్ బాన్‌హమ్ దెబ్బలు గుండెకు తగులుతాయి. మిక్సర్ నుంచి నేరుగా తీసిన సౌండ్‌బోర్డ్ టేపులే గొప్పవని చాలామంది అంటారు కానీ నేను ఒప్పుకోను, వాటిలో చాలాసార్లు గొంతు ముందుకొచ్చి హాలు మాయమైపోతుంది.

మంచిదో కాదో తేల్చేది ముఖ్యంగా జనరేషన్, అంటే అసలు టేపు నుంచి ఎన్నో కాపీ అన్నది. క్యాసెట్ నుంచి క్యాసెట్‌కి ఎక్కించిన ప్రతిసారీ, జిరాక్స్‌కి జిరాక్స్ తీసినట్టు, స్పష్టత పోయి బుస పెరుగుతుంది. అందుకే ఇచ్చేవాళ్లను మాస్టర్ (అసలు టేపు) నుంచి ఎన్నో కాపీ అని అడగండి. వాళ్లు చెప్పింది ఫైల్ పక్కనే చిన్న నోట్‌గా దాచండి, ఆ నోట్ పోయిందంటే రికార్డింగ్ విలువ సగం పోయినట్టే. ఫైల్స్ సౌండ్ నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫార్మాట్‌లోనే తీసుకోండి. ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చి ఇచ్చేవాళ్లూ ఉన్నారు, ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రోగ్రామ్ (ఏ ఫ్రీక్వెన్సీలు ఉన్నాయో చూపే బొమ్మ) తెరిస్తే 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తిరించినట్టు ఆగిపోతే అనుమానించాల్సిందే. అలాగని వెంటనే పారేయకండి, ఎఫ్ఎం ప్రసారం కూడా 15 దగ్గరే ఆగుతుంది కాబట్టి రేడియో టేపుకి అది సహజం. పాటలు ఒరిజినల్ కన్నా కాస్త వేగంగానో నెమ్మదిగానో అనిపిస్తే టేపు స్పీడు తేడా, గిటార్ పెట్టుకుని శ్రుతి సరిచూడండి.

డబ్బులడిగేవాళ్ల దగ్గర కొనొద్దు. ఈ అభిరుచి ఉన్నవాళ్లు ఇచ్చిపుచ్చుకుంటారే గానీ అమ్ముకోరు, మీరూ అలాగే ఉండండి.

ప్రశ్న: వాళ్లు మన దేశంలో ఏమైనా రికార్డు చేశారా?
- ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: చేశారు. 1972లో బ్యాండ్ గిటారిస్ట్ జిమ్మీ పేజ్, గాయకుడు రాబర్ట్ ప్లాంట్ బొంబాయిలో మన సంగీతకారులతో కలిసి 'ఫ్రెండ్స్', 'ఫోర్ స్టిక్స్' పాటలు మళ్లీ రికార్డు చేశారు. ఏళ్ల తరబడి బూట్‌లెగ్‌లలోనే తిరిగాయి. 2015లో వచ్చిన 'కోడా' ఆల్బమ్ డీలక్స్ ఎడిషన్‌లో రెండూ శుభ్రమైన సౌండ్‌తో ఉన్నాయి, 'ఫోర్ స్టిక్స్' అక్కడ 'ఫోర్ హ్యాండ్స్' అనే పేరుతో కనిపిస్తుంది.