వాక్యం చెప్పడం రాదు, కూడిక నడపవచ్చా?

ప్రశ్న: మా వీధిలోని తొమ్మిది కుటుంబాల గృహ కూడికను (ఇళ్లలో జరిగే ప్రార్థన సమావేశాన్ని) పాస్టరు గారు నాకు అప్పగించారు. నాకు వాక్యం చెప్పడం, అంటే బైబిలు మీద ప్రసంగించడం, రాదు. బుధవారం వస్తోందంటే టెన్షన్. ఒప్పుకోవచ్చా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: ఒప్పుకోండమ్మా. ప్రసంగానికి ఆదివారం ఉంది. మీ పని మనుషుల్ని చూసుకోవడం.

1742లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో మెథడిస్టులు అనే క్రైస్తవ సమాజం వాళ్లు మందిరం అప్పు తీర్చడానికి సభ్యుల్ని పన్నెండేసి మందిగా విడదీశారు. వారానికి మనిషికో పెన్నీ వసూలు చేయడానికి ఒక్కో గుంపుకీ ఒక నాయకుణ్ణి పెట్టారు. అలా ఇల్లిల్లూ తిరిగేసరికి ఎవరి బతుకు ఎలా ఉందో తెలిసొచ్చింది. పైసల కోసం మొదలైన ఈ ఏర్పాటును వాళ్ల నాయకుడు జాన్ వెస్లీ ఆత్మల సంరక్షణకు వాడుకున్నారు. ఆ నాయకుల్లో మామూలు పనివాళ్లు, స్త్రీలు కూడా ఉన్నారు.

నా సంగతీ చెప్తాను. కొత్తలో ఇళ్లలో పెట్టే కాటేజ్ ప్రార్థనలో నలభై నిమిషాలు దంచేవాణ్ణి. ఒకాయన మూడు వారాలు రాకపోతే నా ప్రసంగం నచ్చలేదేమో అనుకున్నాను. ఆసుపత్రిలో ఉన్నాడని కిరాణా కొట్టులో తెలిసింది. సిగ్గేసింది.

ఆదివారం చదివిన భాగమే మళ్లీ చదివించి, "మీకేం తోచింది?" అని అడగండి. కాసేపు ఎవరూ మాట్లాడకపోయినా కంగారుపడకండి. ప్రార్థన కోసం చెప్పుకున్న ఇంటి గుట్టు మాత్రం ఆ గుమ్మం దాటకూడదు. టిఫిన్ల పోటీ వద్దు, టీ చాలు. లేనివాళ్లు తమ ఇంట్లో కూడిక పెట్టుకోవడానికి జంకుతారు. రానివాళ్లకు గురువారం ఉదయమే ఫోన్ చేయండి.