వెలుగు సోకని లోకాల్లో ప్రాణులు బతకగలవా? నీళ్లు ఉంటే చాలదా?

నీళ్లు చాలవు. వెలుగు లేకపోయినా గడుస్తుంది గానీ, తిండి లేకపోతే గడవదు. ఈ సంగతి నాకు మా గోబర్ గ్యాస్ గుంట నేర్పింది.

మాది తెనాలి దగ్గర పల్లె. ఒకసారి గొడ్ల చావిడిని ఫినాయిల్ పోసి కడిగాను. ఆ నీళ్లు కాలువ వెంట నేరుగా గుంటలోకి పోయాయి. నాలుగు రోజులకు పొయ్యి వెలగడం మానేసింది. పేడ ఉంది, నీళ్లు ఉన్నాయి, గ్యాస్ నిండే డ్రమ్ము కూడా కాస్త పైకి లేచింది. ఎన్ని అగ్గిపుల్లలు గీసినా మంట మాత్రం అంటుకోదు. నెల పైచిలుకు అమ్మ కట్టెల పొయ్యి ఊదుతూ నన్ను తిట్టింది.

కారణం కాలేజీకి వెళ్లాక తెలిసింది. ఆ గుంటలో కొన్ని సూక్ష్మజీవులు పేడను కుళ్లబెట్టి ఆమ్లాలు, హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. మరికొన్ని ఆ హైడ్రోజన్‌ను పుట్టింది పుట్టినట్టే కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి, పొయ్యిలో మండే మీథేన్ వాయువు చేసి, అందులో మిగిలే పిసరంత శక్తితో బతుకుతాయి. అందుకే ఆరోగ్యంగా ఉన్న గుంటలో హైడ్రోజన్ దాదాపు కనిపించదు. అది పేరుకుపోయిందంటే తినేవాళ్లు పడకేశారన్నమాట. ఫినాయిల్ చేసిన పని అదే.

పేడ వెనక గడ్డి, గడ్డి వెనక ఎండ లేవా అంటారేమో. నిజమే. కానీ దక్షిణాఫ్రికాలో ఒక బంగారు గనిలో, 2.8 కిలోమీటర్ల లోతున, ఎండకు ఆ అప్పు కూడా లేని బాక్టీరియా దొరికింది. రాళ్లలోని యురేనియం కిరణాలు నీటిని విడగొడితే వచ్చే హైడ్రోజనే దాని తిండి.

ఇక శని ఉపగ్రహం ఎన్‌సెలడస్. మంచు పెంకు కింద సముద్రం, పగుళ్లలోంచి ఎగజిమ్మే ఆవిరి. 2015 అక్టోబరులో ‘కాసిని’ అనే అంతరిక్ష నౌక ఆ ఆవిరిలోంచి దూసుకుపోయి హైడ్రోజన్‌ను పట్టింది. 2017లో ఆ విషయం ప్రకటించారు. తిండి దొరికిందని చాలామంది సంబరపడ్డారు. నాకు మాత్రం మా ఆరిపోయిన పొయ్యి గుర్తొచ్చింది. వడ్డించిన విస్తరి అలాగే ఉందంటే భోజనానికి ఎవరూ రాలేదేమో! వేడి రాయి, నీరు కలిసి తినేవాళ్ల ఆకలికి మించి హైడ్రోజన్ వండుతూ ఉండవచ్చు కూడా. ఈ రెంటిలో ఏదో ఇంకా తేలలేదు.

అన్నట్టు, మా గుంట మళ్లీ అందుకున్నది పక్కింటి గుంటలోంచి నాలుగు బిందెల పేడ జారు తెచ్చి పోశాకే. ఎన్‌సెలడస్‌లో తిండి ఉంది, నీళ్లు ఉన్నాయి. ఆ మొదటి బిందె ఎక్కడినుంచి రావాలన్నది మీ ప్రశ్నలో లేదు గానీ, నన్ను వేధించేది అదే.