ప్లగిన్లు కొనబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులతో వ్రాయునది.

ఇంట్లోనే అన్నమయ్య కీర్తనలు రికార్డు చేయాలని నిశ్చయించుకున్నావనీ, అందుకోసం నవంబరు తగ్గింపుల్లో ప్లగిన్ల (రికార్డు చేసిన పాటను దిద్దే చిన్న సాఫ్ట్‌వేర్ల) పెద్ద బండిల్ ఒకటి క్రెడిట్ కార్డు మీద వాయిదాల్లో కొనబోతున్నావనీ నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఉద్యోగంలో చేరాక కూడా నీవు పాట మానలేదని విని ఎంత పొంగిపోయానో, వాయిదాలన్న మాట విని అంత కంగారు పడ్డాను. రికార్డింగు గదుల్లో జుట్టు నెరిసినవాణ్ణి కనుక నీవు అడగకపోయినా రాస్తున్నాను.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. 24 బిట్లలో రికార్డు చేయి. ఎంత గట్టిగా పాడినా రికార్డింగు మీటరు మైనస్ 10 డెసిబెల్స్ దాటనివ్వకు. మైకుకు జానెడు దూరంలో కూర్చుని, మధ్యలో పాప్ ఫిల్టరు (పకార బకారాల గాలి మైకుకు తగలకుండా ఆపే జల్లెడ) పెట్టుకో. క్రాక్ చేసిన దొంగ ప్లగిన్ల జోలికి మాత్రం వెళ్లకు, వాటితో వైరస్‌లు రావచ్చు. ఆఫీసు పనీ పాటా ఒకే ల్యాప్‌టాప్‌లో చేసుకుంటున్నదానివి.

ఇక కొనుగోలు మాట. ఒక గొంతు, ఒక తంబుర ఉన్న పాటకు ఏం కావాలో ఆలోచించు. నీది ఐదు శ్రుతి. నీ ఆధార షడ్జం 196 హెర్ట్జ్ దగ్గర, మంద్ర పంచమం 147 దగ్గర ఉంటాయి. తంబుర మంద్ర షడ్జం కూడా 98 దగ్గర ఆగుతుంది. అందువల్ల 80 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేసినా నీ పాటలో ఏమీ పోదు, కరెంటు వల్ల వచ్చే 50 హెర్ట్జ్ హమ్ (గుయ్యిమనే చప్పుడు) మాత్రం తగ్గుతుంది. ఆ పని నీవు వాడుతున్న రికార్డింగు సాఫ్ట్‌వేర్ రీపర్‌తో పాటే వచ్చిన రియాఈక్యూ చక్కగా చేస్తుంది. హెచ్చుతగ్గులను కాస్త సర్దడానికి రియాకాంప్ ఉంది, రివర్బ్‌కు, అంటే పెద్ద గదిలో పాడినట్టు ప్రతిధ్వని చేర్చడానికి, రియావెర్బేట్ ఉంది. వీటితో పది పాటలు పూర్తి చేయకుండా, ఇవి చాలవని నీకెలా తెలిసింది?

మీ అమ్మ మాటలను బట్టి, ఆ బండిల్‌లో నిన్ను ఎక్కువగా ఆకర్షించినది శ్రుతి దిద్దే ప్లగిన్ అని అర్థమైంది. 1997లో ఆటోట్యూన్ వచ్చినప్పటి నుంచి ఇలాంటివి చాలా వచ్చాయి. మామూలు అమరికలో అవి గొంతును దగ్గరలోని స్వరస్థానానికి లాగి నిలబెడతాయి. మన తోడి గాంధారం అసలు నిలబడే స్వరమా? ఆ ఊపును ప్లగిన్ తప్పుగా లెక్కగట్టి చదును చేస్తుంది. సున్నితంగా వాడే మార్గాలు లేకపోలేదు గానీ, అపస్వరం పడిన చరణాన్ని మళ్లీ పాడటానికి నీకు ఐదు నిమిషాలు చాలు. మా ఇంటి పంచలో పలకా బలపం పక్కన పెట్టి సరళీస్వరాలు అప్పజెప్పిన పిల్లవు నీవు. తప్పు పడితే నేను చెప్పకముందే ఆగి, మళ్లీ మొదటి నుంచి అందుకునేదానివి. ఆ చెవి ఉన్నదానికి ఆ ప్లగిన్ ఎందుకమ్మా?

నాకు అంతకంటే పెద్ద భయం నాయిస్ తీసే ప్లగిన్ గురించి. 2000ల మొదట్లో నేను పనిచేసిన ఒక చిన్న స్టూడియో యజమాని, తలుపుకు రబ్బరు అంచులు వేయించి చప్పుడు లేని ఏసీ పెట్టించవలసిన డబ్బుతో, నాయిస్ తీసే సాఫ్ట్‌వేర్ విదేశాల నుంచి తెప్పించాడు. ఇక గదిలో ఏ చప్పుడు ఉన్నా తర్వాత తుడిచేయవచ్చని ఆయన గట్టిగా నమ్మాడు. ఆ వేసవిలో ఊడ్పు పాటలు, జోలపాటలు పాడించడానికి శ్రీకాకుళం వైపు నుంచి ఒక పెద్దావిడను పిలిపించారు. ముందు పళ్లు ఊడిన నోట్లోంచి మాటతో పాటు కొంచెం గాలి వచ్చేది; పాదం చివర ఆవిడ ఊపిరి విడిచే తీరే ఆ పాటకు అందం. ఉక్కపోతకు ఆవిడ తట్టుకోలేదని సీలింగు ఫ్యాను వేసే ఉంచి, రోజంతా పాడించారు.

రాత్రి ఆయన ఫ్యాను ఒక్కటే తిరుగుతున్న రెండు సెకన్ల ముక్కను సాఫ్ట్‌వేర్‌కు చూపించి, ఆ చప్పుడును పాటలన్నింటిలోంచీ తీసివేయమన్నాడు. ఫ్యాను పోయింది, దానితో పాటు ఊపిరీ పోయింది. సకార శకారాలు నీళ్లలోంచి పలికినట్టు బుడబుడలాడాయి. ఫ్యాను గాలి, మనిషి ఊపిరి, ఈ అక్షరాల ఒరపిడి ఒకే పౌనఃపున్యాల మీద పరచుకుని ఉంటాయి కాబట్టి, ఒకదాన్ని తీయబోతే మిగిలినవీ తరిగిపోతాయి. హార్డ్ డిస్కులో చోటు చాలదని ఆయన శుభ్రం చేసిన ఫైళ్లను అసలు ఫైళ్ల మీదే సేవ్ చేశాడు. మళ్లీ పాడిద్దామనుకునేలోగా ఆవిడ కాలం చేసింది. ఆవిడ కొడుకు వచ్చి, స్పీకర్ల ముందు నిలబడి ఒక పాట పూర్తిగా విని, ‘గొంతు అమ్మదేనండీ, పాడినట్టు మాత్రం లేదు’ అని సీడీ తీసుకుని వెళ్లిపోయాడు.

ఈనాటి సాఫ్ట్‌వేర్ అప్పటికంటే ఎన్నో రెట్లు మెరుగని నాకు తెలుసు. అయినా నీ మీద ఒట్టేసి అడుగుతున్నాను, పాడేటప్పుడు ఫ్యాను ఆపు. తెల్లవారుజామున వీధి సద్దుమణిగి ఉన్నప్పుడు కూర్చో. నీ వెనక గోడకు రెండు బొంతలు వేలాడదీయి, ల్యాప్‌టాప్ ఛార్జరు తీసి బ్యాటరీ మీద నడుపు. అసలు ఫైళ్లకు ఎప్పుడూ వేరే డిస్కులో ఒక కాపీ ఉంచు.

ఏదీ కొనవద్దని నేను అనడం లేదు. ప్రతి పాట తర్వాత, వింటే నిన్ను ఇబ్బంది పెట్టినది ఏమిటో ఒక పుస్తకంలో రాసుకో. గొంతులో కొన్ని స్వరాల దగ్గర మాత్రమే కరకుదనం వస్తున్నదని మళ్లీ మళ్లీ రాయవలసి వస్తే, ఆ కరకుదనం వచ్చినప్పుడే దాన్ని తగ్గించే ప్లగిన్ టీడీఆర్ నోవా తెచ్చుకో. రివర్బ్ చాలదనిపిస్తే వల్హల్లా సూపర్‌మాసివ్ అనే ప్లగిన్ ప్రయత్నించు. రెండూ ఉచితమే. అప్పటికీ లోటు తీరకపోతే డబ్బు పెట్టి కొనేదాన్ని ముందు ట్రయల్‌లో వాడి చూడు. ప్లగిన్లు అమ్మే ఫ్యాబ్‌ఫిల్టర్ వారు 30 రోజుల గడువు ఇస్తారు. పోల్చేటప్పుడు రెండింటి సౌండు సమానం చేసి, మీ తమ్ముణ్ణి మార్చమని, నీవు కళ్లు మూసుకుని విను. సౌండు కొంచెం పెరిగితే చాలు, చెవికి అదే బాగున్నట్టు తోస్తుంది. చాలా ప్లగిన్లు వేయగానే గొప్పగా వినిపించడానికి కారణం అదే. తేడా నిజంగా తెలిస్తే ఆ ఒక్కటే కొను, చేతిలో ఉన్న డబ్బుతో కొను.

నెలవారీ చందా పద్ధతికి ఇప్పుడే వెళ్లకు. 2023 మార్చిలో వేవ్స్ అనే ప్లగిన్ల సంస్థ శాశ్వత లైసెన్సులు ఆపేసి చందా ఒక్కటే ఉంటుందని ప్రకటించి, వాడేవాళ్లు మండిపడటంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. చందా ఆగిన నెల నీ పాత ప్రాజెక్టు తెరిస్తే ఆ ప్లగిన్ పనిచేయదు కాబట్టి, ఏది వాడినా పూర్తయిన ప్రతి ట్రాకునూ వేవ్ (.wav) ఆడియో ఫైలుగా విడిగా తీసి పెట్టుకో.

ఈ ఆదివారం ఏదైనా ఒక పల్లవి ఫ్యాను వేసి ఒకసారి, ఆపి ఒకసారి పాడి, ఏ ప్లగినూ వేయకుండా రెండు ఫైళ్లూ నాకు పంపు. వాట్సాప్‌లో ఆడియోగా పంపితే కుదించేస్తుంది, డ్రైవ్‌లో పెట్టి లింకు పంపు. విని అదే రోజు ఫోను చేస్తాను. అంతవరకు ఆ బండిల్ కొనకు.

ఆశీస్సులతో,
మామయ్య