పది లక్షల గీత దగ్గర ఆగే ‘స్పోర్ట్’ కారు

బండి మాట: పాఠకుల ప్రశ్నలకు తిరుపతి రేణిగుంట రోడ్డు మెకానిక్ జవాబులు

ప్రశ్న: అన్నా, నేను శ్రీసిటీలో ఉద్యోగం చేస్తున్నాను, ఇల్లు తిరుపతిలో. జపాన్‌లో అమ్మిన స్విఫ్ట్ స్పోర్ట్ మనకూ వస్తుందని ఫ్రెండ్స్ ఊరిస్తున్నారు. 140 పీఎస్ పవరట. నిజంగా వస్తే పవర్ ఎంతుంటుంది, రేటు ఎంత పెడతారు, ఏమేం ఫీచర్లు ఇస్తారు? ఆగమంటారా, ఇప్పుడున్న స్విఫ్టే కొనేయమంటారా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: తమ్ముడూ, ముందు ఆ 140 సంగతి తేల్చేద్దాం. అది 2017లో జపాన్‌లో వచ్చిన బండి లెక్క. 1.4 లీటర్ టర్బో (అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే ఏర్పాటు ఉన్నది), 140 పీఎస్ పవర్, 230 ఎన్‌ఎం టార్క్, అంటే లాగే బలం, బరువు చూస్తే 970 కిలోలే. చదువుతుంటేనే నోరూరుతుంది, కాదనను. పొడవు 3,890 మిల్లీమీటర్లు కాబట్టి మన ప్రభుత్వం పెట్టిన నాలుగు మీటర్ల హద్దులోనే ఉంది. ఇంజిన్ మాత్రం 1,371 సీసీ. తిరకాసంతా అక్కడే.

మన దేశంలో పెట్రోల్ బండి చిన్న కారు కింద లెక్కకు రావాలంటే పొడవు నాలుగు మీటర్లు దాటకూడదు, ఇంజిన్ 1,200 సీసీ దాటకూడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి అలాంటి కారుకు జీఎస్టీ 18 శాతం. రెండింటిలో ఏ ఒక్కటి దాటినా 40 శాతం. పన్ను వేయకముందు ధర ఎనిమిది లక్షలనుకో. 18 శాతమైతే 9 లక్షల 44 వేలు, 40 శాతమైతే 11 లక్షల 20 వేలు. ఆ 171 సీసీ కోసం కొనేవాడి జేబులోంచి లక్షా 76 వేలు అదనంగా పోతాయి. ఏ కంపెనీ పెద్దలూ దీనికి ఒప్పుకోరు. అందుకే 1.4 మీద ఆశ వదిలేసెయ్.

మరి ఏ ఇంజిన్ పెడతారంటావా? దానికి జపాన్ దాకా పోనక్కర్లేదు, స్విఫ్ట్ చేసే మారుతి వాళ్లదే ఫ్రాంక్స్ కారు, దాని బానెట్ ఎత్తి చూస్తే చాలు. 998 సీసీ, మూడు సిలిండర్ల బూస్టర్‌జెట్ టర్బో, 100 పీఎస్, 147.6 ఎన్‌ఎం. ఈ ఇంజిన్నే 2017లో బాలెనో ఆర్ఎస్‌లో 102 పీఎస్‌తో ఇచ్చారు. 2020లో పొగ కాలుష్యం తగ్గించే బీఎస్6 రూల్ రావడంతో పక్కన పెట్టేశారు, మళ్లీ 2023లో ఫ్రాంక్స్‌లో తెచ్చారు. రేపు ‘స్పోర్ట్’ అని రాసిన స్విఫ్ట్ షోరూమ్‌లోకి వస్తే లోపల ఉండేది ఇదేనని నా జోస్యం. ట్యూనింగ్ మార్చినా మహా అయితే 110 పీఎస్. ఎవరైనా 120 అన్నారంటే హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్‌ను, టాటా ఆల్ట్రోజ్ రేసర్‌ను చూసి చెబుతున్నట్టే. అవి రెండూ 120 పీఎస్ బండ్లే, అయితే ఆ ఇంజిన్లు వేరే కంపెనీలవి.

100 అనగానే మొహం మాడ్చుకోకు. ఇప్పటి స్విఫ్ట్‌లో ఉన్నది 82 పీఎస్, 112 ఎన్‌ఎం. పీఎస్ తేడా కన్నా ఆ పుల్లింగ్ తేడా చూడు. మా బావమరిదికి ఫ్రాంక్స్ టర్బో ఉంది. ఐదుగురం లగేజీతో కొండకు పోతూ రెండో ఘాట్‌లో నేనే నడిపాను. మలుపు దగ్గర స్పీడు తగ్గినా బద్ధకించి మూడో గేర్లోనే ఉంచితే, యాక్సిలరేటర్ తొక్కినా క్షణం సేపు ఏమీ జరగదు. ఇంజిన్ తిరిగే వేగం చూపే ముల్లు రెండు వేలు దాటిందంటే మాత్రం వెనక నుంచి ఎవరో తోసినట్టు పోతుంది. మలుపుకు ముందే రెండో గేరుకు దించుకుంటే ఆ క్షణం ఆలస్యం కూడా ఉండదు. మామూలు 1.2 అయితే అదే ఎత్తులో ఇంజిన్ అరిచి గోల చేస్తుంది. అయినా ఎంత పవరున్నా ఏం లాభం, అలిపిరి టోల్‌గేట్‌లో టైం నమోదవుతుంది. 28 నిమిషాలకు ముందే పైకి చేరావంటే అక్కడ జవాబు చెప్పుకోవాలి. దిగేటప్పుడైతే 40 నిమిషాలు!

ఇక రేటు. పాత లెక్కలు తిరగేస్తే సంగతి బోధపడుతుంది. 2013లో ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ 7 లక్షల 99 వేలకు వచ్చింది. 2015లో ఫియట్ అబార్త్ పుంటో, 145 హార్స్‌పవర్ రాక్షసి, 9 లక్షల 95 వేలు. బాలెనో ఆర్ఎస్ 8 లక్షల 69 వేలు. 2021లో ఐ20 ఎన్ లైన్ 9 లక్షల 84 వేల నుంచి, 2024లో ఆల్ట్రోజ్ రేసర్ 9 లక్షల 49 వేల నుంచి మొదలయ్యాయి. ఒక్కటీ మొదటి రేటులో పది లక్షలు దాటలేదు చూశావా? పది దాటితే ఒక శాతం టీసీఎస్ (బండి అమ్మేవాడే మన దగ్గర ముందుగా వసూలు చేసే ఇన్‌కమ్ టాక్స్) కట్టాలి. ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్‌లో సర్దుకోవచ్చు గానీ ముందైతే చేతి నుంచి పెట్టాల్సిందే. మన రాష్ట్రంలో లైఫ్ టాక్స్ కూడా పై శ్లాబులోకి పోతుంది. అన్నిటికీ మించి, ‘పది లక్షలు పెట్టి స్విఫ్టా?’ అని ఇంట్లో నాన్న అడిగే ప్రశ్న ఒకటుందే, దానికి ఏ సేల్స్‌మేన్ దగ్గరా జవాబు లేదు. బాలెనో ఆర్ఎస్‌కు జనం వెనకాడుతుంటే 2019 సెప్టెంబరులో ఒకేసారి లక్ష తగ్గించారు. ఆ దెబ్బ కంపెనీ మరిచిపోయి ఉండదు.

ఫ్రాంక్స్ వచ్చినప్పుడు ఒకే వేరియంట్‌లో మామూలు ఇంజిన్‌కూ టర్బోకూ తేడా సుమారు లక్ష. జీఎస్టీ తగ్గాక స్విఫ్ట్ టాప్ మోడల్ తొమ్మిది లక్షల లోపే దొరుకుతోంది. ఈ రెండూ కలిపి చూస్తే, టర్బో స్విఫ్ట్ మాన్యువల్‌కు 9 లక్షల నుంచి తొమ్మిదిన్నర లక్షల ఎక్స్‌షోరూమ్ అని నా అంచనా. లైఫ్ టాక్స్, ఇన్సూరెన్స్ కలిస్తే తిరుపతిలో ఆన్‌రోడ్ పదకొండు లక్షల పైచిలుకు అవుతుంది. ఆటోమేటిక్ అయితే ఎక్స్‌షోరూమే పది దాటినా ఆశ్చర్యపోను.

ఫీచర్లలో ఆరు ఎయిర్‌బ్యాగులు, బండి జారిపోకుండా పట్టే ఈఎస్‌పీ ఇప్పటికే అన్ని స్విఫ్ట్‌లకూ ఉన్నాయి, వాటిని కొత్తవని చెబితే నమ్మకు. 16 అంగుళాల అలాయ్ వీల్స్, నల్ల రూఫు, సీట్లకు ఎర్ర కుట్లు, ఆటోమేటిక్‌లో స్టీరింగ్ వెనక గేర్లు మార్చే ప్యాడిల్స్ వస్తాయి. 360 కెమెరా, అద్దం మీద స్పీడు చూపించే డిస్‌ప్లే ఫ్రాంక్స్‌లో ఎలాగూ ఉన్నాయి కాబట్టి వాటినీ తెచ్చి పెట్టొచ్చు. సన్‌రూఫ్ మీద మాత్రం ఆశ పెట్టుకోకు. నేనైతే బండి కిందికి వంగి రెండే చూస్తాను: వెనక చక్రాలకు డిస్క్ బ్రేకులు ఉన్నాయా, సస్పెన్షన్ గట్టిది వేశారా. బాలెనో ఆర్ఎస్‌లో నాలుగు చక్రాలకూ డిస్కులే ఇచ్చారు. ఈసారి డ్రమ్ములు పెట్టి స్టిక్కర్లు అంటించారంటే ఆ లక్ష దండగ.

ఆగాలా అన్నావు. ఆఫీసుకు కంపెనీ బస్సులో పోతూ ఆదివారం ఒక్కరోజే బండి తీసేవాడివైతే ఆగు, కొంపేం మునగదు. ఇంట్లో పెద్దవాళ్లను ఆస్పత్రికి తిప్పాల్సిన అవసరముంటే మాత్రం పుకారు కోసం కూర్చోవద్దు. టర్బోయే కావాలంటే ఫ్రాంక్స్ నడిపి చూడు.

ప్రశ్న: మా అబ్బాయి టర్బో కారే కావాలని పట్టుబట్టాడు. పవర్ ఎక్కువైతే ఇన్సూరెన్స్, పెట్రోల్ ఖర్చు మోయలేమేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: ఇన్సూరెన్స్ గురించి దిగులు వద్దండీ. థర్డ్ పార్టీ ప్రీమియం చూసేది పవర్‌ను కాదు, సీసీని. 2022 జూన్ రేట్ల ప్రకారం కొత్త కారుకు మూడేళ్లకు కలిపి కట్టేది వెయ్యి సీసీ లోపైతే 6,521 రూపాయలు, 1,000 నుంచి 1,500 సీసీ వరకు 10,640. మీవాడు అడిగే 998 సీసీ టర్బోకు తక్కువ రేటే, నెమ్మదిగా పోయే 1,197 సీసీ బండికి ఎక్కువ రేటు! పెట్రోల్ దగ్గర మాత్రం తేడా తెలుస్తుంది. కంపెనీ లెక్కలో స్విఫ్ట్ మాన్యువల్‌కు లీటరుకు 24.8 కిలోమీటర్లు, ఫ్రాంక్స్ టర్బో మాన్యువల్‌కు 21.5. రోడ్డు మీద రెండూ తగ్గుతాయి, కుర్రవాళ్లు తొక్కితే టర్బో ఇంకాస్త ఎక్కువ తగ్గుతుంది. పెట్రోల్ డబ్బులు వాడి జీతంలోంచే పెట్టుకోమనండి.

ప్రశ్న: మామూలు స్విఫ్ట్ కొని బయట టర్బో కిట్ వేయించుకుంటే చవక కదా?
– శ్రీకాళహస్తి

జవాబు: వద్దు సామీ. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లు మార్చకూడదు. వారంటీ పోతుంది, రేపు యాక్సిడెంట్ అయితే క్లెయిమ్‌కు పేచీ పెడతారు. ఆ పని నా షెడ్డులోనూ చేయను.

ప్రశ్న: నేను టీచర్ని. రోజూ మొగిలి ఘాట్ మీదుగా చిత్తూరు వెళ్లొస్తాను. ఆటోమేటిక్ స్పోర్ట్ కారు నాకు పనికొస్తుందా?
– పలమనేరు

జవాబు: పనికొస్తుంది మేడమ్, అయితే అది ఏఎంటీయా (మామూలు గేర్‌బాక్సే, క్లచ్, గేర్లు మోటారు మారుస్తుంది), టార్క్ కన్వర్టరా (క్లచ్ బదులు నూనె ద్వారా పవర్ అందించే ఆటోమేటిక్) అని ముందు కనుక్కోండి. ఫ్రాంక్స్ టర్బోలో ఇచ్చినట్టు ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్, ప్యాడిల్స్ ఉంటే ఘాట్ దిగేటప్పుడు మీకు సుఖం. ఎడమ ప్యాడిల్ నొక్కి మూడుకో, రెండుకో దించితే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే కింద లారీల దగ్గర వచ్చే మాడు వాసన మీ బండికీ వస్తుంది. టెస్ట్ డ్రైవ్ అడిగినప్పుడు షోరూమ్ చుట్టూ తిప్పి దింపేయకుండా ఘాట్ దాకా ఇమ్మనండి. కుదరదంటే ఇంకో షోరూమ్‌లో అడగండి.